శివారు ఇంటివాళ్ళని అడగండి



ఇంటికి నెట్ పెట్టించుకోవాలండీ, ఎవరిది పెట్టించుకోమంటారు? ఈ మధ్య బందరులో కూరగాయల కొట్టు దగ్గర నిలబడ్డా, గుడివాడలో బస్సు కోసం చూస్తున్నా ఈ ప్రశ్న చెవిన పడుతోంది. హైదరాబాదులో ఉన్న అబ్బాయి ఫోన్లో ఒక కంపెనీ పేరు చెబుతాడు. పక్కింటాయన ఇంకో పేరు చెబుతాడు. గేటుకు తగిలించిపోయిన కరపత్రం మీద వంద ఎంబీపీఎస్ అనో, మూడు వందల ఎంబీపీఎస్ అనో పెద్ద అక్షరాలుంటాయి. అబ్బాయి చెప్పింది తప్పనను. అది వాడుండే చోటికి సరిపోయే సలహా. అక్కడ ఒక్క అపార్టుమెంటు కోసం నాలుగైదు కంపెనీలు పోటీ పడతాయి. ఒకటి నచ్చకపోతే రెండు రోజుల్లో ఇంకోటి పెట్టించుకోవచ్చు. మన దగ్గర లెక్క వేరు. బందరు, గుడివాడ పట్టణాల్లో అయితే మూడో నాలుగో ఉంటాయి. పులిగడ్డ దాటి అవనిగడ్డ, కోడూరు, నాగాయలంక వైపు వెళ్తున్నకొద్దీ ఆ సంఖ్య తగ్గుతుంది. ఉన్న రెండు మూడు తీగలు కూడా చాలాచోట్ల ఒకే కరెంటు స్తంభానికి వేలాడుతూ ఉంటాయి.

కాబట్టి కంపెనీ పేరు తర్వాత చూద్దాం. ముందు ఆ తీగ ఎటు నుంచి వస్తోంది, అది తెగితే ఎవరు వస్తారు, ఈ రెండూ కనుక్కుందాం.

మన ఇళ్ళకు మొదట వచ్చిన తీగ టెలిఫోనుది. బందరుకి 08672, గుడివాడకి 08674, అవనిగడ్డకి 08671. ఈ నంబర్లు ఇంకా నోటికి వచ్చేవాళ్ళు ఈ ప్రసంగం వింటున్నవాళ్ళలో బోలెడంతమంది ఉంటారు. ఆ రాగి తీగలో ఒక సుగుణం ఉండేది. ఎక్స్ఛేంజిలో ఉన్న బ్యాటరీల నుంచి నలభై ఎనిమిది వోల్టుల కరెంటు ఆ తీగలోనే మన ఇంటి దాకా వచ్చేది. ఊరంతా చీకటైనా ఫోను మోగేది. ఇప్పుడొచ్చిన ఫైబర్‌లో పారేది వెలుగు, కరెంటు కాదు. ఇంట్లో కరెంటు పోతే గోడకున్న పెట్టె ఆరిపోతుంది, దానితో పాటు ఫోనూ, నెట్టూ పోతాయి. ఈ సంగతి ఎవరూ ముందు చెప్పరు. దీని విరుగుడు తర్వాత చెబుతాను.

టెలిఫోను తర్వాత వచ్చింది కేబుల్ టీవీ. డాబా మీద పెద్ద డిష్షు పెట్టి, వీధి వీధికీ తీగ లాగి, నెల మొదటి వారంలో సైకిలు మీద డబ్బులు వసూలు చేసుకున్న ఆపరేటర్లే ఇవాళ మనకు ఇంటర్నెట్ ఇస్తున్నారు. ఇది అర్థమైతే సగం విషయం తెలిసినట్టే. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఏపీ ఫైబర్‌నెట్‌ని ప్రారంభించారు. నెలకు 149 రూపాయలకు 15 ఎంబీపీఎస్ నెట్, రెండు వందల యాభై చానళ్ళు, ఒక ఫోను అన్నారు. దేశంలో చాలామంది ఆశ్చర్యపోయిన ధర అది. అంత తక్కువకు ఇవ్వగలగడానికి ఒక కారణం, రోడ్లు తవ్వి తీగ పాతిపెట్టకుండా, ఉన్న కరెంటు స్తంభాల మీదుగానే దాదాపు 24 వేల కిలోమీటర్ల ఫైబర్ లాగడం. స్తంభాల మీద లాగితే ఖర్చు కొంతే. కానీ గాలికి స్తంభం ఒరిగితే కరెంటుతో పాటు నెట్టూ ఒరుగుతుంది. ఆ ఫైబర్‌ని స్తంభం నుంచి మన ఇంటిదాకా తెచ్చే బాధ్యత ఎవరికిచ్చారు? ఊళ్ళో కేబుల్ ఆపరేటర్లకే.

ప్రైవేటు కంపెనీలదీ ఇంచుమించు ఇదే దారి. 2018లో రిలయన్స్ కంపెనీ హాత్‌వే, డెన్ అనే రెండు పెద్ద కేబుల్ సంస్థల్లో ప్రధాన వాటాలు కొంటున్నట్టు ప్రకటించింది. ఎందుకంటే ఆ సంస్థల వెనక వేలాదిమంది వీధి ఆపరేటర్లున్నారు. మరుసటి ఏడాది సెప్టెంబరు 5న అదే రిలయన్స్ వారి జియో ఫైబర్ మొదలైంది. బీఎస్ఎన్ఎల్ అయినా ఇవాళ చాలాచోట్ల ఇంటి దాకా ఫైబర్ లాగి, బాగుచేసే పని ఆదాయంలో వాటా ఇచ్చి స్థానిక భాగస్వాములకు అప్పగించింది. అంటే బోర్డు మీద పేరు ఢిల్లీదో ముంబయిదో కావచ్చు, నిచ్చెన వేసుకుని స్తంభం ఎక్కేది మాత్రం మన వీధి చివర కొట్టున్న కుర్రాడే. ఒకే కంపెనీ ఒక పేటలో అద్భుతంగా పనిచేసి, రెండు వీధుల అవతల ఏడిపించడానికి కారణం ఇదే. "ఫలానా కంపెనీ మంచిదేనా?" అని అడిగితే మనూళ్ళో దానికి జవాబు లేదు. "ఫలానా వీధిలో ఫలానా కంపెనీ లైను ఎవరు చూస్తారు?" అని అడగాలి.

అడగాల్సింది ఎవరిని? అమ్మడానికి వచ్చినవాణ్ణి కాదు. డెల్టాలో పుట్టినవాళ్ళకు ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. కాలువ ఎలా పారుతోందో తెలియాలంటే తూము పక్కన పొలం ఉన్నాయన్ని ఎవరూ అడగరు. ఆయనకెప్పుడూ నీళ్ళే. శివారు రైతుని అడుగుతారు. నెట్ తీగ కూడా అంతే. ఆపరేటర్ గది పక్కింటివాళ్ళు బ్రహ్మాండం అంటారు. మీ వీధిలో ఆ లైను చిట్టచివర ఏ ఇంటికి వెళ్ళిందో చూసి, ఆ ఇంటివాళ్ళని రెండు ప్రశ్నలు అడగండి. రాత్రి తొమ్మిదింటికి ఎలా వస్తోంది? కిందటిసారి పోయినప్పుడు ఎన్నాళ్ళకి వచ్చింది?

రాత్రి తొమ్మిది అని ఊరికే అనలేదు. ఒక ఫైబర్ పోగుని వీధిలో చీల్చి ఎనిమిది ఇళ్ళకో, పదహారిళ్ళకో, ముప్పై రెండిళ్ళకో పంచుతారు. ఆ పంచే చిన్న పెట్టెను స్ప్లిట్టర్ అంటారు. మధ్యాహ్నం ఎవరూ వాడరు కనుక అందరికీ దండిగా వస్తుంది. రాత్రి భోజనాల వేళకి ఒకింట్లో సినిమా, ఒకింట్లో క్రికెట్, ఒకింట్లో అమెరికాలో ఉన్న కూతురితో వీడియో కాల్. గుడివాడ, చల్లపల్లి వైపు ఈ చివరిది దాదాపు ప్రతి వీధిలోనూ ఉంటుంది. మనకి రాత్రి తొమ్మిదిన్నర అంటే వాళ్ళకి పొద్దున. ఆపరేటర్ పైనుంచి కొనుక్కున్న సామర్థ్యం తక్కువైతే సరిగ్గా ఆ వేళకే బొమ్మ నిలిచిపోతుంది. స్పీడ్ టెస్టు పొద్దున పదకొండింటికి చేసి చూపించే అమ్మకపు కుర్రాడిని, "ఆదివారం రాత్రి రా నాయనా, అప్పుడు చూద్దాం" అనండి.

ఇక తీగ తెగే సంగతి. నగరంలో జేసీబీ ఒక్కటే శత్రువు. మనకు చాలా ఉన్నాయి. డిసెంబరు, జనవరి నెలల్లో వరిగడ్డి ట్రాక్టర్లు ఇంటి కప్పంత ఎత్తున వాము పేర్చుకుని వస్తాయి. అడ్డం వచ్చిన తీగని కర్రతో ఎత్తి పట్టుకునే కుర్రాడు ఒకడు పైన కూర్చుంటాడు. వాడు ఫోను చూసుకుంటే అంతే. దివిసీమలో కొబ్బరి మట్టలు రాలి తెగుతాయి. కరెంటువాళ్ళు వానాకాలం ముందు కొమ్మలు కొట్టినప్పుడు కొమ్మతో పాటు తీగా కిందికొస్తుంది. చవితి పందిళ్ళ ఊరేగింపుల్లో సరేసరి. ఉడతలు కొరకడం కూడా నిజమే, అది ఆపరేటర్లు చెప్పే సాకు కాదు. ఎప్పుడోకప్పుడు తెగడం ఖాయం కనుక, మళ్ళీ ఎంత వేగంగా అతుకుతారన్నదే చూసుకోవాలి.

అతికే పని ఒకసారి దగ్గరుండి చూడండి, బాగుంటుంది. నల్లటి పై తొడుగు ఒలిస్తే లోపల సన్నటి గాజు పోగు. మందం మిల్లీమీటరులో ఎనిమిదో వంతు. అందులో వెలుగు నడిచే మధ్యభాగం తొమ్మిది మైక్రాన్లే, తల వెంట్రుకలో దాదాపు పదో వంతు. కుర్రాడు దాన్ని స్పిరిట్ అద్దిన టిష్యూతో తుడిచి, చిన్న కత్తెర లాంటి పనిముట్టుతో చివర నున్నగా తెంపి, రెండు చివరలనూ స్ప్లైసింగ్ మిషన్లో ఎదురెదురుగా పెడతాడు. మూత వేస్తే తెరమీద రెండు పోగులూ పెద్దవిగా కనబడి, ఒకదానికొకటి సర్దుకుని, చిటుక్కున ఒక మెరుపు. రెండూ కరిగి ఒకటైపోతాయి. చేయి తిరిగినవాడికి ఇదంతా పది నిమిషాల పని. వానలో గొడుగు కింద, మోకాలి మీద మిషను పెట్టుకుని చేసేవాళ్ళున్నారు. లక్షకు అటూఇటూ ఖరీదు చేసే ఆ మిషను ఆపరేటర్ దగ్గర సొంతానికి ఉందా, లేక పక్క ఊరి నుంచి అడిగి తెచ్చుకోవాలా? కరపత్రంలో ఉండదుగానీ ఎంబీపీఎస్‌ల కంటే ఇదే మీకు ఎక్కువ పనికొచ్చే ప్రశ్న.

కొత్త కనెక్షన్ పెట్టేటప్పుడు ఇంకొకటి చేయించండి. కుర్రాడి జేబులో పవర్ మీటర్ అని అరచేతిలో పట్టేంత పరికరం ఉంటుంది. మీ ఇంటి దాకా వచ్చిన తీగ చివర దానికి పెట్టి, "పవర్ ఎంత వస్తోంది బాబూ?" అనండి. మైనస్ ఇరవై చిల్లర అంటే ఫరవాలేదు. మైనస్ ఇరవై ఏడు దగ్గరికి వస్తే అది అంచు మీద ఉన్నట్టు. ఇవాళ నడుస్తుంది, ఒక్క జాయింట్ బలహీనపడితే రేపు పెట్టె మీద ఎర్రదీపం వెలుగుతుంది. ఆ అంకెను గోడ మీద పెన్సిలుతో రాసి పెట్టుకోండి. తర్వాతెప్పుడైనా నెట్ నెమ్మదించిందని పిలిస్తే మళ్ళీ కొలిపించి పోల్చవచ్చు. అంకె తెలిసిన ఇంటికి ఆపరేటర్ మనిషి కొంచెం జాగ్రత్తగా వస్తాడు, ఇది నేను చూసిన సంగతే.

మరొకటి కూడా అడగాలి. ఫైబర్ ఇంటి లోపలి దాకా వస్తుందా, లేక వీధి మొగలో ఆగిపోయి అక్కణ్ణుంచి మామూలు ల్యాన్ వైరు వస్తుందా? ల్యాన్ వైరయితే మొగలో ఒక పెట్టె ఉంటుంది, దానికి కరెంటు కావాలి. మీ ఇంట్లో ఇన్వర్టరున్నా, ఆ పెట్టె ఉన్న చోట కరెంటు పోతే మీకు నెట్ ఉండదు. పిడుగుల కాలంలో రాగి వైరు గుండా పోటు వచ్చి రౌటర్లు కాలడమూ ఉంది. దొరికిన చోట ఇంటిదాకా ఫైబర్ ఉన్నదే తీసుకోండి.

కరెంటు విరుగుడు చెబుతానన్నాను. పన్నెండు వోల్టుల చిన్న యూపీఎస్‌లు దొరుకుతున్నాయి, రెండు వేల రూపాయల లోపే. రౌటర్‌కి, గోడ కరెంటుకి మధ్య పెడితే కరెంటు పోయినా రెండు మూడు గంటలు ఆగకుండా నడుస్తుంది. ఇంటి నుంచి ఆఫీసు పని చేసే కొడుకులూ కోడళ్ళూ ఉన్న ఇంట్లో ఎక్కువ ప్లాను కొనే డబ్బుతో ముందు ఇది కొనండి. ఆ రౌటరుని ముందు గదిలో టీవీ వెనక, ఇనప బీరువా పక్కన పెట్టి, మేడ మీద గదిలో రావడం లేదని కంపెనీని తిట్టకండి. మన పాత మండువా ఇళ్ళ గోడలు దాటడం వైఫైకి తలకు మించిన పని. ఇంటి నడిమధ్య, మనిషి ఎత్తున పెట్టించండి. ఫోన్లో రెండు పేర్లు కనబడితే, 5జీ అని ఉన్నది దగ్గరికి వేగంగా, రెండోది దూరానికి నెమ్మదిగా అందుతుంది. ఈ 5జీ, సెల్ ఫోను 5జీ ఒకటి కావు.

తీగ రాని చోట్ల మాటేమిటి? 2023 వినాయక చవితికి జియో ఎయిర్‌ఫైబర్ హైదరాబాదుతో సహా ఎనిమిది నగరాల్లో మొదలైంది. ఎయిర్‌టెల్‌దీ అదే ఏడాది వచ్చింది. డాబా మీద పలకలాంటి యాంటెనా పెడతారు, టవరు నుంచి గాలిలోనే వస్తుంది. కృత్తివెన్ను, బంటుమిల్లి వైపు రొయ్యల చెరువుల గట్ల మీద, దివిసీమలో విడివిడిగా ఉన్న ఇళ్ళకు ఇది వరమే. అయితే టవరుకి ఎంత దూరం, మధ్యలో తాడితోపులున్నాయా చూసుకోవాలి. వాడకానికి హద్దు కూడా తక్కువలోనే ఉంటుంది. తీగ ప్లాన్లలో అన్‌లిమిటెడ్ అంటే సాధారణంగా నెలకు 3,300 జీబీ, గాలి ప్లాన్లలో వెయ్యి జీబీ. మామూలు కుటుంబానికి వెయ్యి కూడా ఖర్చు కాదు. కానీ చెరువు దగ్గర నాలుగు సీసీ కెమెరాలు పెట్టి రాత్రింబవళ్ళు ఫోన్లో చూసే రైతుకి ఆ లెక్క కావాలి. ఆయనకు దిగే వేగం కంటే ఎక్కే వేగం, అంటే అప్‌లోడ్ ముఖ్యం. కరపత్రం మీద వేసేది ఎప్పుడూ దిగే వేగమే. అప్‌లోడ్ ఎంతో విడిగా అడగండి.

వేగం సంగతి వచ్చింది కనుక ఒక్క మాట. హెచ్‌డీ సినిమాకి అయిదారు ఎంబీపీఎస్ చాలు, వీడియో కాల్‌కి రెండు మూడు చాలు. నలుగురున్న ఇంటికి నిలకడగా వచ్చే యాభై, అప్పుడప్పుడూ వచ్చే మూడు వందల కంటే మేలు. ధర విషయంలో 399 అన్న చోట పద్దెనిమిది శాతం జీఎస్టీ కలిపితే 470 రూపాయల 82 పైసలు. చూడని ఓటీటీల కోసం పెద్ద ప్లాను తీసుకోవడం, పెళ్ళిలో ముగ్గురొస్తారని తెలిసీ మూడు వందలమందికి వండించడమే. ఈ జబ్బు మన జిల్లాలో కాస్త ఎక్కువ.

ఫిర్యాదు హక్కులున్నాయి, వాడుకోండి. ఆపరేటర్ కుర్రాడికి వాట్సప్ పెట్టి ఊరుకుంటే దానికి లెక్క ఉండదు. కంపెనీ కాల్ సెంటర్లో చెప్పి డాకెట్ నంబరు తీసుకోండి. అక్కడ న్యాయం జరగకపోతే అదే కంపెనీలోని అప్పిలేట్ అథారిటీకి రాయవచ్చు, రుసుమేమీ లేదు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ కొత్త నాణ్యతా నిబంధనలు 2024 అక్టోబరు 1 నుంచి అమల్లో ఉన్నాయి. వాటి ప్రకారం డబ్బు కట్టిన ఏడు రోజుల్లో కనెక్షన్ ఇవ్వాలి, ఇంటి లైను బాగుచేయడం మూడు రోజులు దాటితే వినియోగదారుడికి పరిహారం ఇవ్వాలి. అడిగినవాళ్ళకే అందే పరిహారం అది, వేరే చెప్పాలా.

ఇక మన ప్రాంతానికే చెందిన పెద్ద పరీక్ష ఉంది. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో పదివేల మందికి పైగా పోయారు. ఊళ్ళకు ఊళ్ళు కొట్టుకుపోయిన కబురు బయటి ప్రపంచానికి అందడానికే రోజులు పట్టింది. ఆనాటి తీగలన్నీ తెగాయి. ఇవాళ బందరులో వాతావరణ శాఖ రాడార్ ఉంది, హెచ్చరికలు ముందే వస్తున్నాయి. అయినా గాలి వచ్చినప్పుడు తీగ తీగే. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర, 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటాయి. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజి నుంచి పదకొండు లక్షల క్యూసెక్కులకు పైగా దిగువకు వచ్చి లంకలు మునిగాయి. అలాంటప్పుడు రెండు కనెక్షన్లున్నాయి కదా అన్న ధీమా చాలదు. రెండూ ఒకే స్తంభం మీద వస్తే ఒకటి ఉన్నట్టే. తప్పనిసరి పని ఉన్నవాళ్ళు ఒకటి తీగది, ఒకటి గాలిది పెట్టుకోండి. టవరుకి కూడా పైనుంచి ఫైబరే వస్తుందని, కరెంటు పోతే జనరేటరు డీజిలు అయిపోయే దాకే నడుస్తుందని గుర్తుంచుకోండి. పెద్ద తుపానులప్పుడు ప్రభుత్వం ఒక కంపెనీ సిమ్ము ఇంకో కంపెనీ టవరు మీద పనిచేసే ఏర్పాటు చేయిస్తోంది. సిగ్నల్ లేదని ఫోను పక్కన పడేయకుండా, సెట్టింగ్స్‌లో వేరే నెట్‌వర్క్ ఎంచుకుని చూడండి.

ఎదురుమొండి దీవి వాళ్ళకి ఈ బాధ ఒక పాలు ఎక్కువ. ఏటిమొగ దగ్గర పంటు ఎక్కి కృష్ణ దాటాలి. వరదకు పంటు ఆపేస్తే లైను చూసే మనిషి అవతలే ఉండిపోతాడు. ఇలాంటి ఊళ్ళలో ఏ కంపెనీ అన్న ప్రశ్నే లేదు. అతికే చేయి ఇవతలి గట్టున ఉందా అన్నదొక్కటే చూసుకోవాలి. ఊళ్ళో ఐటీఐ చదివిన కుర్రాడు ఒకడు ఆ పని నేర్చుకుంటే, మిగతావాళ్ళు వాడి దగ్గరే కనెక్షన్ తీసుకోవడం మేలు.

చివరగా డబ్బు కట్టే సమయం. ఏడాదికి ఒకేసారి కడితే ఒక నెల ఉచితం, రౌటరు ఉచితం అని ఆశ పెడతారు. కొత్త కనెక్షన్‌కి మాత్రం అక్టోబరులో ఆ పని చేయకండి. అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలనెలా కట్టండి. తుపాను కాలం, గడ్డి ట్రాక్టర్ల కాలం మొదలు రెండూ ఆ మూడు నెలల్లోనే చూసేస్తారు. ఆ తర్వాత సంక్రాంతికి పిల్లలు, అల్లుళ్ళు, మనవలు దిగుతారు. ఇంటినిండా పది పన్నెండు ఫోన్లు, మేడ మీద ఒకడికి ఆఫీసు మీటింగు, హాల్లో కొత్త సినిమా. కనుమ రోజు రాత్రి తొమ్మిదింటికి అందరివీ నడుస్తుంటే, ముక్కనుమ నాడు ఆపరేటర్‌ని పిలిచి ఏడాదికి కట్టేయండి. రసీదు మాత్రం కంపెనీ పేరు మీద తీసుకోండి.